సైటేషన్ల లెక్కయు శాస్త్రజ్ఞుల శ్రేణియు: పసుపు పరిశోధన వెలుగులో ఒక విమర్శ

ప్రతి సంవత్సరము సెప్టెంబరు మాసము దాటునప్పటికి మన తెలుగు దినపత్రికల జిల్లా పేజీలలో ఒక వార్త వచ్చుచుండును. ఫలానా విశ్వవిద్యాలయమునకు చెందిన ఫలానా ఆచార్యులు "ప్రపంచములోని మొదటి 2 శాతం శాస్త్రజ్ఞుల" జాబితాలో చోటు సంపాదించినారనియు, ఈ జాబితాను అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయము ప్రకటించినదనియు ఆ వార్త సారాంశము. శాలువ, పూలగుచ్ఛము, ఉపకులపతిగారితో ఛాయాచిత్రము ఉండును. ఆ ఆచార్యుల శ్రమను తక్కువ చేయుటకు ఈ వ్యాసమును మేము వ్రాయుట లేదు. ఆ జాబితా దేనిని కొలుచుచున్నది, దేనిని కొలువజాలకున్నది, సంఘ కాపరులును వేదాంత విద్యార్థులును దానిని ఎట్లు చదువవలెను అను విషయములను మాత్రమే పరిశీలింపగోరుచున్నాము.

శాస్త్రజ్ఞుల శ్రేణులతో ఒక పల్లెటూరి పాస్టరుకు ఏమి పని అని చదువరులు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. మేము పరిచర్య చేయుచున్న పెర్కిట్, ఆర్మూరును ఆనుకొని, హైదరాబాదు నుండి నాగపూరు వెళ్లు 44వ జాతీయ రహదారియు, నిజామాబాదు నుండి జగిత్యాల వైపు వెళ్లు 63వ జాతీయ రహదారియు కలియు చోట ఉన్నది. సంక్రాంతి వెళ్లిన పిమ్మట మా ఊరిలో ఎటు నడచినను పసుపు ఉడుకుచున్న వాసనయే. మా సంఘస్థులలో కొందరు పసుపు పండించువారు, మరి కొందరు పసుపు త్రవ్వు కూలీలు. ఈ పంటకు ఒక బోర్డు కావలెనని 2019 పార్లమెంటు ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచినారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాదులో ప్రారంభమైనది. పసుపులోని కర్కుమిన్ అను పదార్థము మందుగా పనిచేయుననెడి మాట మీద మా రైతుల ఆశ ఎంతో ఆధారపడియున్నది. ఆ మాట చెప్పినవారు శాస్త్రజ్ఞులు. వారిలో ఎవరి మాట నమ్మదగినదో తెలిసికొనుటకు లోకము చేతికిచ్చిన త్రాసు పేరే సైటేషన్.

కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములోని ఒక తల్లికి రొమ్ములో గడ్డ కనబడినది. గల్ఫులో పనిచేయుచున్న ఆమె కుమారుడు కర్కుమిన్ గొట్టములు పంపించినాడు. సెలవుపై వచ్చినప్పుడు తన ఫోనులో ఒక పరిశోధనా పత్రమును మాకు చూపించినాడు. "అయ్యగారూ, ఈ సారు ప్రపంచంలనే మొదటి వరుసల ఉన్నోడట. చూడుండ్రి, ఈయన రాసిన దాన్ని ఎన్ని వేల మంది పేర్కొన్నరో. పసుపు మన ఇంట్లదే గద, తప్పేమున్నది?" అని అడిగినాడు. మేము ఆ అంకెను చూచితిమి. నాలుగు స్థానముల అంకె. అంతమంది విద్వాంసులు ఒప్పుకొన్న సంగతిని కాదనుటకు మేమెంతవారము అనుకొని, "వాడుకో నాయనా, ప్రార్థన చేసికొందము" అని చెప్పితిమి. ఆ తల్లి ఆసుపత్రికి వెళ్లుట నాలుగు నెలలు ఆలస్యమైనది. ఆలస్యమునకు మా మాట ఒక్కటే కారణము కాదు. అయినను అది కూడ ఒక కారణము. ఆ అంకె దేనికి గుర్తు అని అప్పుడు మేము ఎవరిని అడుగలేదు.

లెక్క పుట్టిన విధము

సైటేషన్ అనగా ఒక పరిశోధకుడు తన పత్రములో మరియొకరి పత్రమును పేర్కొనుట. మన వ్యాఖ్యాన గ్రంథములలో అడుగున ఉండు సూచికల వంటిదే. ఒక పత్రమును తరువాతివారు ఎన్నిమార్లు పేర్కొన్నారో లెక్కించుట ఇరువదవ శతాబ్దపు ఆలోచన. దీనికి ఆద్యుడుగా ఎంచబడిన యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో సైన్స్ అను పత్రికలో ఒక వ్యాసము వ్రాసినాడు. ఆయన మాదిరిగా తీసికొన్నది అమెరికా న్యాయవాదులు 1873 నుండి వాడుచున్న షెపర్డ్ సూచికను. న్యాయవాది ఒక పాత తీర్పును కోర్టులో ఉదహరించుటకు ముందు, ఆ తీర్పును పై కోర్టు ఏదైనను కొట్టివేసినదా అని ఆ సూచికలో చూచుకొనును. విజ్ఞాన శాస్త్రములో కూడ అట్టి సూచిక ఉన్నయెడల మోసపూరితమైన, అసంపూర్ణమైన, కాలము చెల్లిన సమాచారమును గ్రుడ్డిగా పేర్కొనుట తగ్గునని గార్‌ఫీల్డ్ ఉద్దేశము. అనగా సైటేషన్ సూచిక పుట్టినది ఎవరు గొప్ప అని తేల్చుటకు కాదు, ఏది నిలిచినది, ఏది కొట్టివేయబడినది అని తెలిసికొనుటకు. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకమందుంచుకొనవలెనని కోరుచున్నాము.

వెదకుటకు చేసిన సూచిక కొద్దికాలములోనే తూచుటకు త్రాసైనది. 2005లో జార్జ్ హిర్ష్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు హెచ్-ఇండెక్స్ అను కొలతను ప్రతిపాదించినాడు. ఒక శాస్త్రజ్ఞుని పత్రములను సైటేషన్లు ఎక్కువ ఉన్నవి మొదలుకొని వరుసగా పేర్చవలెను. పన్నెండు పత్రములకు ఒక్కొక్కదానికి కనీసము పన్నెండు సైటేషన్లు ఉండి, పదమూడవ దానికి పదమూడు లేనియెడల ఆయన హెచ్-ఇండెక్స్ 12. ఈ కొలతలో ఒక విచిత్రము కలదు. జీవితమంతయు శ్రమించి ఒకే ఒక పత్రము వ్రాసి, దానికి ఇరువదివేల సైటేషన్లు పొందినవానికి హెచ్-ఇండెక్స్ 1 మాత్రమే.

పత్రికలలో మనము చూచు 2 శాతం జాబితా దీనికంటె జాగ్రత్తగా చేసినదే. స్టాన్‌ఫోర్డ్‌లో ఆచార్యుడైన జాన్ ఐయనైడిస్ తన సహచరులతో కలిసి 2019లో దానిని మొదటిసారి వెలువరించినాడు. ఎల్సెవియర్ సంస్థవారి స్కోపస్ భండారము నుండి ఆరు అంకెలు తీసికొందురు: మొత్తము సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, సహ రచయితల సంఖ్యను బట్టి సవరించిన హెచ్-ఇండెక్స్, ఒంటరిగా వ్రాసిన పత్రముల సైటేషన్లు, ఒంటరిగా గాని మొదటి పేరుగా గాని వ్రాసినవి, ఒంటరిగా గాని మొదటి పేరుగా గాని చివరి పేరుగా గాని వ్రాసినవి. ఒక్కొక్క అంకెను లాగరిథము పద్ధతిని 0 నుండి 1 లోపలికి తెచ్చి ఆరింటిని కూడుదురు. ఎంత గొప్పవానికైనను 6 మించదు. స్వీయ సైటేషన్లు కలిపి ఒక లెక్క, తీసివేసి మరియొక లెక్క ఇత్తురు. జీవితకాలపు శ్రేణి వేరు, ఒక్క సంవత్సరపు శ్రేణి వేరు. మొత్తము మీద మొదటి లక్షమందిలో గాని, తమ ఉపశాఖలో మొదటి 2 శాతములో గాని ఉన్నవారికి చోటు దొరకును.

ఇంత వివరము దినపత్రికలో రాదు. వచ్చినది తప్పుగా వచ్చుచుండును. ఇది స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయము ఎవరికిని ఇచ్చిన బిరుదు కాదు, అక్కడి ఆచార్యుడొకరు సహచరులతో చేసిన గణన. మరియొక సంగతి. "అచ్చయిన పరిశోధనా ఫలితములలో అధిక భాగము ఎందుకు అబద్ధము" అను అర్థము వచ్చు శీర్షికతో 2005లో ప్రఖ్యాత వ్యాసము వ్రాసినవాడు కూడ ఈ ఐయనైడిసే. తన జాబితాను బిరుదుగా పట్టుకొని తిరుగువారిని గూర్చి ఆయన ఏమనుకొనునో గాని, మాకు మాత్రము కొంచెము నవ్వు వచ్చును.

కర్కుమిన్ క్షేత్రములో జరిగినది

ఇప్పుడు మా పసుపు సంగతికి వత్తము. పసుపు దుంపలో కర్కుమిన్ సుమారు 2 నుండి 5 శాతం మాత్రమే ఉండును. దానిని 1815లో వోగెల్, పెలెటియర్ అనువారు వేరుచేసినారు. 1910లో దాని రసాయన నిర్మాణము తేలినది. 1973లో లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థకు చెందిన శ్రీమల్, ధావన్ అనువారు అది వాపును తగ్గించునని జంతువులపై పరీక్షించి ప్రకటించినారు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 16 మంది పొగత్రాగువారికి దినమునకు 1.5 గ్రాముల పసుపును 30 దినములు ఇచ్చి, జన్యువులకు హాని చేయు పదార్థములు వారి మూత్రములో తగ్గినవని 1992లో వ్రాసినారు. ఇవి చిన్నవి, నిదానమైనవి. "క్యాన్సరు నయమగును" అని వారు చెప్పలేదు.

తరువాత వరద వచ్చినది. అమెరికాలో హూస్టన్ నగరమునందలి ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రములో పనిచేసిన డాక్టర్ భరత్ అగర్వాల్ ఈ క్షేత్రములో అత్యధికముగా పేర్కొనబడినవారిలో ఒకరు. 1980ల దశకములో క్యాన్సరు కణములను చంపగల ఒక ప్రోటీనును వేరుచేసిన పరిశోధనలో పాలుపొందిన నిజమైన విద్వాంసుడు. కర్కుమిన్ మీద ఆయనయు ఆయన శిష్యులును పదులకొలది పత్రములు వ్రాసినారు. అత్యధిక సైటేషన్లు గల శాస్త్రజ్ఞుల జాబితాలలో ఆయన పేరు ఎక్కినది. అయితే ఆ పత్రములలోని చిత్రములను గూర్చి ప్రశ్నలు లేచినవి. 2015 అంతమున ఆయన ఆ సంస్థను విడిచినారు. 2016లో ఒక్క పత్రికయే దత్తాంశముల విశ్వసనీయత ప్రశ్నార్థకమైనదని చెప్పి ఆయన పేరు గల 7 పత్రములను ఉపసంహరించినది. మొత్తము మీద అట్లు ఉపసంహరింపబడినవి సుమారు 30. ఆయన హృదయములో ఏమున్నదో తీర్పు తీర్చుట మా పని కాదు. మేము చూపగోరునది వేరు. ఉపసంహరింపబడిన పత్రము మీద కట్టిన పత్రములు నిలిచియే యున్నవి. ఆ పత్రములకు వచ్చిన సైటేషన్లు ఎవరి లెక్కలోనుండియు తమంతట తాము రాలిపోవు. "ఈ ఫలితము మాకు రాలేదు" అని వ్రాసినవాని సైటేషను కూడ ఆ పత్రమునకు ఒక సైటేషనే. పొగడ్తయు తెగడ్తయు ఒకే సంచిలో పడి ఒకే తూకము తూగును.

2017లో కాథరిన్ నెల్సన్, మైకేల్ వాల్టర్స్ మొదలగువారు అమెరికా ఔషధ రసాయన శాస్త్ర పత్రికలో కర్కుమిన్ పరిశోధనలను సమీక్షించినారు. కర్కుమిన్ నీటిలో నిలకడగా ఉండదు, నోటి ద్వారా తీసికొన్నది రక్తములోనికి బహు స్వల్పముగా చేరును, పరీక్షా నాళికలో దాదాపు దేనితోనైనను కలిసి పనిచేయుచున్నట్లు భ్రమ కలిగించును అని వారు చూపినారు. అప్పటికి మనుష్యులపై 120కి పైగా పరీక్షలు జరిగినను, రోగికిని వైద్యునికిని ఏది మందో ఏది ఉత్తుత్తి గొట్టమో తెలియని పద్ధతిలో చేసిన పరీక్ష ఒక్కటియు సఫలము కాలేదని తేల్చినారు. ఇది తుది తీర్పు కాదు. కీళ్లనొప్పి వంటి విషయములలో పరీక్షలు జరుగుచునే యున్నవి. అయితే వేలకొలది పత్రములు, లక్షలకొలది సైటేషన్లు పోగైన తరువాత కూడ ఒక ఔషధము చేతికి రాలేదన్న సంగతి, పోగైనదేమో ఆలోచింపజేయుచున్నది. ఆ విమర్శ పత్రము కూడ ఇప్పుడు ఎంతో ఎక్కువగా పేర్కొనబడుచున్నది. కర్కుమిన్‌ను మరల పొగడువారు సైతము మొదటి పేరాలో దానిని పేర్కొని ముందుకు సాగుచున్నారు!

మా ప్రాంతపు పసుపు బేరము తెలిసినవారికి ఇందులో క్రొత్త ఏమియు లేదు. ఉడకబెట్టి ఎండబెట్టిన కాడిని డోలులో వేసి పాలిష్ పట్టుదురు. పైకి అన్నియు ఒకే తీరుగా మెరయును. అనుభవము గల ఖరీదుదారుడు మెరుపు చూచి ధర వేయడు. ఒక కాడిని విరిచి లోపలి రంగు చూచును. కాడిని గోళతో కలిపి ఒకే ధర అడిగినచో ఒప్పుకొనడు. సైటేషన్ల జాబితా కుప్ప బరువును చెప్పగలదు. విరిచి చూచు పని అది చేయదు.

పాలిష్ సంగతి కూడ లేకపోలేదు. ఆ జాబితా వెలువడిన 2019లోనే నేచర్ పత్రిక ఒక విషయము బయటపెట్టినది. జాబితాలోని శాస్త్రజ్ఞులలో స్వీయ సైటేషన్ల మధ్యగత ప్రమాణము 12.7 శాతం. అది సహజమే, తన పాత పని మీదనే మనుష్యుడు క్రొత్త పని కట్టును. అయితే కనీసము 250 మందికి వచ్చిన సైటేషన్లలో సగముకంటె ఎక్కువ తామో తమ సహ రచయితలో ఇచ్చుకొన్నవే. 2025లో ఐయనైడిస్ బృందమే మరియొక లెక్క తీసినది. జీవితకాలపు శ్రేణిలోని 2,17,097 మందిలో 7,083 మందికి, అనగా 3.3 శాతమునకు, ఉపసంహరింపబడిన పత్రము కనీసము ఒకటి ఉన్నది. ఉపసంహరణ ప్రతిసారి మోసము వలన కాదు. నిజాయితీగా పొరపాటు ఒప్పుకొన్నవారు కూడ వీరిలో ఉందురు. ఈ సమాచారమును 2024 నుండి జాబితాలోనే చేర్చుట మేలైన పని. డెబ్బది ఏండ్ల తరువాత గార్‌ఫీల్డ్ మొదటి ఉద్దేశమునకు కొంత తిరిగి వచ్చినట్లయినది. శాలువల వార్తలలో మాత్రము ఆ గడి ఇంకను కనబడుట లేదు.

సాక్ష్యమా, సంఖ్యయా?

సైటేషను స్వతహాగా చెడ్డది కాదు. అది ఒక సాక్షిని పిలుచుట. పసుపు చరిత్రలోనే దీనికి మంచి ఉదాహరణ కలదు. గాయములు మాన్పుటకు పసుపును వాడుటపై 1995లో అమెరికా పేటెంటు కార్యాలయము మిస్సిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రమునకు హక్కు ఇచ్చినది. మన అవ్వలు మోకాలి దెబ్బకు అద్దిన పసుపునకు! భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి, డాక్టర్ మషేల్కర్ నాయకత్వమున దానిని సవాలు చేసి 32 ఆధారములను సమర్పించినది. ప్రాచీన సంస్కృత గ్రంథ భాగములును, 1953లో భారత వైద్య సంఘ పత్రికలో అచ్చయిన ఒక వ్యాసమును వాటిలో ఉన్నవి. 1997లో ఆ పేటెంటు రద్దయినది. ఆ 1953 నాటి వ్యాసమునకు అప్పటివరకు ఎన్ని సైటేషన్లు వచ్చినవని అక్కడ ఎవరును అడుగలేదు. అది ఏమి చెప్పుచున్నది, ఎప్పుడు చెప్పినది అని మాత్రమే చూచినారు.

వేదాంత విద్యార్థులకు ఇంకొక ఉదాహరణ దగ్గరగా ఉండును. క్రొత్త నిబంధనలో ఎక్కువ మార్లు పేర్కొనబడిన పాత నిబంధన భాగము 110వ కీర్తన మొదటి వచనమని పండితులు చెప్పుదురు. ఎస్తేరు గ్రంథము నుండి గాని పరమగీతము నుండి గాని అక్కడ ఒక్క ఉల్లేఖనమును లేదు. యూదా పత్రికలో హనోకు పేరిట గ్రంథము నుండి ఒక మాట ఎత్తబడినది, ఆ గ్రంథమో మన బైబిలులో లేదు. ఉల్లేఖనముల సంఖ్యను బట్టి గ్రంథములకు శ్రేణి కట్టినయెడల హనోకు ఎస్తేరు కంటె పై మెట్టున కూర్చుండును. పాత నిబంధన పరిచయము చెప్పు ఏ ఆచార్యుడును ఆ పని చేయడు. ఏ సందర్భములో, ఏ ఉద్దేశముతో, ఎట్టి మార్పుతో ఎత్తబడినది అని మొదటి సంవత్సరపు విద్యార్థికే నేర్పుచున్నాము. ఆ నేర్పిన విద్యను మనమే ఆచార్యుల నియామకము వేళ మరచుట తగునా?

లెక్కకు అందనివారు

భీమవరములో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఒక పత్రము ప్రకటించినారు. రక్తములోను మూత్రములోను భాస్వరమును రంగును బట్టి కొలుచు పద్ధతి అది. ప్రపంచమంతటి ప్రయోగశాలలు దానిని అనుసరించినవి గనుక అది చరిత్రలో అత్యధికముగా పేర్కొనబడిన పత్రములలో ఒకటైనది. సైటేషన్ల లోకములో మన తెలుగువాని పేరు ఇట్లు వెలుగుట సంతోషమే. అయితే ఆయన చేసినవాటిలో మనుష్యుల ప్రాణములకు దగ్గరైనవి ఏవి? లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. బాలల రక్తక్యాన్సరుపై సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించిన చికిత్సకు మందు అక్కడనుండియే వెళ్లినది. మన కోస్తా జిల్లాలలో బోదకాలుకు ఇచ్చు డైఇథైల్ కార్బమజీన్ కూడ ఆ బృందము తీసినదే. అక్కడ ఆయన తన పేరు ముందు పెట్టుకొనుట అరుదు. ఆరియోమైసిన్ కనుగొన్న ఖ్యాతి బెంజమిన్ డగ్గర్‌కు వెళ్లినది. 1948లో మరణించునాటికి ఆయనను ఎరిగినవారు కొద్దిమంది. ఆయన పేరును అత్యధికముగా మోయుచున్నది కొలత పద్ధతియే గాని, ప్రాణములు నిలిపిన మందులు కావు.

ఇది ఆయన ఒక్కనికే కాదు. ప్రపంచములోకెల్ల అధిక సైటేషన్లు గల పత్రము 1951లో ఆలివర్ లౌరీ మాంసకృత్తులను కొలుచు పద్ధతిపై వ్రాసినది. 2014 నాటికి 3 లక్షల 5 వేలకు పైగా. అది తన గొప్ప పత్రమేమియు కాదని లౌరీయే చెప్పుకొన్నాడు. పనిముట్టును అందరును అడిగి తీసికొందురు, సైటేషను దానినే ఎక్కువగా లెక్కించును. మరల, పనిముట్టు మరీ సామాన్యమైపోయినప్పుడు పేర్కొనుట కూడ మానివేయుదురు. తెలుగు కుటుంబములో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయములో చదివిన సి. ఆర్. రావుగారు 1945లో, ఇరువది ఐదేండ్ల వయస్సులో, కలకత్తా గణిత సంఘ పత్రికలో ఒక పత్రము వ్రాసినారు. క్రామర్-రావ్ హద్దు అని దానిలోని ఫలితమును ప్రతి గణాంక శాస్త్ర విద్యార్థియు చదువును. చదివినవాడు 1945 నాటి పత్రమును పేర్కొనడు. పాఠ్యపుస్తకములో కరగిపోయినది. ఆయనకు అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమానము 2023లో, నూట రెండేండ్ల వయస్సులో వచ్చినది. ఆ ఆగస్టులోనే కన్నుమూసినారు.

ఇంకను దగ్గరకు వచ్చినయెడల, మాకు కొద్ది దూరములో కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రము కలదు. దుంపకుళ్లు ఎట్లు ఆపవలెను, ఏ రకము ఏ నేలకు సరిపోవును అని అక్కడివారు రైతుకు తెలుగులో చెప్పుదురు. కోజికోడులోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ తీసిన ప్రతిభ, ప్రగతి వంటి రకములు మా ప్రాంతపు పొలములకు వచ్చినవి. రైతు పొలములో విత్తనము వేయుట సైటేషను కాదు. తెలుగు కరపత్రమునకు స్కోపస్‌లో చోటు లేదు. డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రిని ఆరంభించిన ఇసబెల్ కెర్ దొరసానిగారి పేరును కూడ ఏ శ్రేణిలో వెదకినను దొరకదు. మా పెద్దలు మాత్రము ఆమెను పేరుతోనే తలంచుకొందురు.

మన కళాశాలల మాట

ఈ త్రాసు మన ప్రాంగణములలోనికి కూడ వచ్చుచున్నది. 2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము అధ్యాపకుల పదోన్నతులకు అంకెల పట్టిక తెచ్చిన తరువాత ఏమి జరిగినదో మనము చూచితిమి. డబ్బు తీసికొని ఏదైనను అచ్చువేయు పత్రికలు పుట్టగొడుగులవలె లేచినవి. 2018లో ఆ సంఘమే తన ఆమోదిత జాబితా నుండి 4,305 పత్రికలను తీసివేయవలసి వచ్చినది. దాని స్థానములో తెచ్చిన కేర్ జాబితాను 2025లో విరమించుకొన్నది. కొలత గురియైనప్పుడు మనుష్యులు కొలతకు పంట పండింతురు, ఆకలికి కాదు.

ఇటీవల ఒక వేదాంత కళాశాల అధ్యాపకుల కొరకు ఇచ్చిన ప్రకటనలో అభ్యర్థుల హెచ్-ఇండెక్స్ అడుగబడుట మేము చూచితిమి. ఇరువది సంవత్సరములు తెలుగులో వ్యాఖ్యానములు వ్రాసి, వందలమంది కాపరుల బల్లలపై తన పుస్తకములున్న ఒక పెద్దవారు అక్కడ ఏ అంకె వేయగలరు? సున్న. ఈ వ్యాసమునకు కూడ అదే అంకె. సంపాదకులు ఇందుకు మమ్మును క్షమింతురు గాక.

అంకెలన్నిటిని పారవేయుమని మేము చెప్పుట లేదు. బంధుప్రీతి, కులము, డయోసిస్ రాజకీయములతో నియామకములు జరుగు చోట బయటి అంకె ఒకటి ఉండుట బలహీనునికి కొంత రక్షణ అని వాదించువారున్నారు. ఈ వాదములో బలమున్నదని ఒప్పుకొందుము. పలుకుబడి లేని పల్లెటూరి విద్యార్థి సైటేషన్లు చూపి తల ఎత్తుకొనగలిగిన సందర్భములు లేకపోలేదు. అందుచేతనే 2013లో ప్రకటింపబడిన శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటనయు 2015 నాటి లైడెన్ ప్రణాళికయు అంకెలను నిషేధింపలేదు. పత్రిక పేరు చూచి మనుష్యుని అంచనా వేయవద్దు, పనిని చదివి చెప్పుము అని మొదటిది అడిగినది. అంకె నిపుణుల తీర్పునకు తోడుగా ఉండవలెను గాని దాని స్థానములో కాదనియు, స్థానిక అవసరములపై స్థానిక భాషలలో జరుగు పరిశోధనను కాపాడవలెననియు రెండవది కోరినది. ఈ రెండు పత్రములు మన సెనేట్ కళాశాలల గ్రంథాలయములలో ఉండదగినవి. నియామక సంఘము అభ్యర్థి వ్రాసిన రెండు వ్యాసములనైనను పూర్తిగా చదివిన తరువాతనే కూర్చుండవలెనని నియమము పెట్టినచో, మిగిలిన అంకెలు ఎక్కడ ఉండవలెనో అక్కడ ఉండును. చదువుటకు తీరిక లేదనుట మాత్రము మేము అంగీకరింపము. తూచుటకు తీరిక ఉన్నది గదా.

ఆ తల్లి సంగతి చెప్పక ముగించుట సరికాదు. హైదరాబాదులో ఆమెకు శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు ఆదివారము ఆరాధనకు కుమారుని బండిమీద వచ్చుచున్నది. క్రిందటి వేసవిలో ఆ కుమారుడు మరల ఒక క్రొత్త గొట్టముల డబ్బాయు, దానికి ఆధారమని చెప్పబడిన ఒక పత్రమును పట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. ఈసారి ఇద్దరము బల్లయొద్ద కూర్చుండి దానిని విప్పితిమి. ఎంతమంది రోగులపై పరీక్షించినారు? ఎలుకలపైనే. మందు తీసికొనని వారితో పోల్చినారా? ఎలుకలలో పోల్చినారు. ఖర్చు ఎవరు పెట్టినారు? చివర చిన్న అక్షరములలో గొట్టములు అమ్ము సంస్థ పేరే ఉన్నది. ఉపసంహరింపబడినదా అని వెదకితిమి, కాలేదు. ఒక గంట పట్టినది, కాఫీ రెండుమార్లు చల్లారినది. "గిదంత మనుషుల మీద కాదా అయ్యగారూ?" అని అతడు డబ్బాను సంచిలో పెట్టుకొని, తల్లికి వ్రాసియిచ్చిన ఆసుపత్రి మందులు ఆర్మూరులో దొరకునో నిజామాబాదు పోవలెనో అని అడిగినాడు.